మొదటి బీరుకు ముందు వట్టి నీళ్లతో ఒక రోజు

కొత్త హోమ్‌బ్రూయింగ్ (ఇంట్లోనే బీరు కాసే) సెటప్ పెట్టెల్లోంచి బయటికొచ్చి, వాల్వులూ గొట్టాలూ బిగించడం అయ్యాక ఆగడం కష్టం. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పక్కనే ఉంటుంది, హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) ఫ్రిజ్‌లో ఉంటాయి, మరుసటి సెలవురోజే మొదలెట్టేద్దామనిపిస్తుంది. ఈలోగా ఒక రోజంతా నీళ్లతోనే మొత్తం పని నడిపి చూడమంటే చాలామందికి టైం వేస్ట్‌లా కనిపిస్తుంది. ఒప్పుకున్నవాళ్లలోనూ ఎక్కువమంది చేసేది ఏంటంటే, కెటిల్ (బీరు మరిగించే పెద్ద పాత్ర) నిండా నీళ్లు పోసి, కాసేపయ్యాక కింద తడి ఉందేమో చూసి, లేకపోతే పారబోసి పని అయిపోయిందనుకుంటారు.

అది సగం టెస్టు కూడా కాదు. లీకు కంటికి కనిపిస్తుంది, బీరు కాసే రోజున బయటపడినా ఏదో ఒకటి చేసి నెట్టుకురావచ్చు. కంటికి కనిపించనివి అంకెలు: గంట మరిగిస్తే ఎన్ని లీటర్లు ఆవిరవుతాయి, వాల్వు మట్టానికి కింద ఎంత మిగిలిపోతుంది, థర్మామీటర్ 67 డిగ్రీలు అని చూపించినప్పుడు నిజంగా ఎంత ఉంది. రెసిపీ రాసినవాళ్లు వాళ్ల కెటిల్‌ని బట్టి రాస్తారు. ఇంకొకరి కెటిల్ వెడల్పు, హీటర్ పవర్, గొట్టం పొడవు వేరు. ఆ తేడాలు ఎంతో తెలియాలంటే మాల్ట్ ఖర్చు లేకుండా నీళ్లతో తెలుసుకోవడమే తేలిక దారి.

ఒక చిన్న లెక్క చూస్తే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. ఫెర్మెంటర్‌లోకి, అంటే ఈస్ట్ వేసి పులియబెట్టే పాత్రలోకి, 20 లీటర్లు రావాలి. కెటిల్ అడుగున లీటరున్నర మిగులుతుంది, పంపులోనూ గొట్టాల్లోనూ, మరిగినదాన్ని చల్లార్చే చిల్లర్‌లోనూ కలిపి అర లీటరు చిక్కుకుంటుంది, గంటలో మూడున్నర లీటర్లు ఆవిరవుతాయి అనుకుందాం. అంటే మరిగించడం మొదలుపెట్టేటప్పుడు 25.5 లీటర్లు ఉండాలి. మాల్ట్ 5 కిలోలైతే అది కిలోకి సుమారు లీటరు చొప్పున నీళ్లు పీల్చేసుకుంటుంది, మాష్ టన్ (మాల్ట్‌ని వేడినీళ్లలో కలిపి నానబెట్టే పాత్ర, ఆ మిశ్రమమే మాష్) అడుగున ఇంకో లీటరు పోతుంది, కాబట్టి మొత్తం నీళ్లు 31.5 లీటర్లు. ఇప్పుడు ఆవిరయ్యేది మూడున్నర కాదు రెండే అని ఊహించి 24 లీటర్లతో మరిగించడం మొదలుపెడితే, చివరికి 22కి బదులు 20.5 లీటర్లే మిగులుతాయి. చక్కెర మాత్రం అంతే ఉంటుంది కాబట్టి 1.050 రావాల్సిన గ్రావిటీ (చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత అంకె) దాదాపు 1.054 వస్తుంది. బీరు పాడైపోదు గానీ అనుకున్న బీరు మాత్రం అది కాదు, పైగా ఎందుకిలా అయిందో ఆ రోజు ఎవరికీ అర్థం కాదు.

సరే, ముందు కడగడం. కొత్త స్టీలు మెరుస్తూ ఉంటుంది కాబట్టి శుభ్రంగా ఉందనిపిస్తుంది. కానీ ఫ్యాక్టరీలో వాడిన నూనె, పాలిష్ పొడి దానికి అంటుకునే ఉంటాయి. బ్రూయింగ్‌కి వాడే క్షార క్లీనర్ వేడినీళ్లలో కలిపి, కాసేపు నానబెట్టి, తెల్ల గుడ్డతో లోపలంతా తుడవాలి. గుడ్డకి నల్లగానో బూడిద రంగులోనో ఏదైనా అంటితే మళ్లీ కడగాలి. తర్వాత సిట్రిక్ యాసిడ్ ద్రావణంతో ఒకసారి నానబెడితే స్టీలు మీద తుప్పును ఆపే పలుచని పొర బాగా ఏర్పడుతుంది. బ్లీచ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, క్లోరిన్‌కి స్టీలు మీద సన్నటి గుంటలు పడతాయి, కొంచెం మిగిలి వోర్ట్‌లో (మాల్ట్ నుంచి వచ్చే తీపి ద్రవం) కలిసినా మందుల వాసన లాంటి రుచి వస్తుంది. మూడు ముక్కల బాల్ వాల్వు అయితే విప్పి కడగాల్సిందే, నూనె ఎక్కువగా దాక్కునేది అక్కడే. మాల్ట్ మిల్లు కొత్తదైతే రోలర్ల మీది నూనె పోవడానికి గుప్పెడు మాల్ట్ ఆడించి పారేయడం మంచిది.

లీకుల సంగతి. చల్లటి నీళ్లతో కారకపోవడం పెద్ద విశేషం కాదు, మరిగే నీళ్లతో కూడా చూడాలి. వెల్డింగ్ లేకుండా రబ్బరు రింగుతో బిగించే ఫిటింగులు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడికి లోహం సాగి రింగు కదిలాక చుక్కచుక్కగా కారడం మామూలే. కారుతోందని నట్టును ఇంకా గట్టిగా బిగిస్తే సిలికాన్ రింగు పిండినట్టయి పక్కకి జారి, లీకు పెరుగుతుంది. ముందు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. మర చుట్ల (థ్రెడ్) దగ్గర కారుతుంటే టెఫ్లాన్ టేపు ఆ చుట్లు తిరిగే దిశలోనే చుట్టి మళ్లీ బిగించాలి. ప్రతి జాయింటు కింద ఒక పొడి టిష్యూ పేపరు పెట్టి వదిలేస్తే కంటికి ఆనని చెమ్మ కూడా దొరికిపోతుంది.

అందరూ వదిలేసే లీకులు రెండున్నాయి. ఒకటి, పంపు నీటిని లాక్కునే వైపు ఉండే జాయింటు. అక్కడ వదులుగా ఉంటే నీళ్లు బయటికి కారకపోవచ్చు, బదులుగా గాలి లోపలికి వెళ్తుంది. కింద తడి ఉండదు, గొట్టంలో మాత్రం బుడగలు ఆగకుండా వస్తుంటాయి, పంపు గరగరమంటుంది. పారదర్శకంగా ఉండే సిలికాన్ గొట్టం వాడితే ఇది ఇట్టే కనిపిస్తుంది. రెండోది ఇమ్మర్షన్ చిల్లర్, అంటే లోపల చల్లటి నీళ్లు తిరిగే గొట్టం చుట్ట. దాన్ని కెటిల్‌లో ముంచకముందు బయటే కుళాయికి తగిలించి, పూర్తి ఒత్తిడితో నీళ్లు వదిలి, క్లాంపుల దగ్గర చూడాలి. అక్కడ కారే చుక్కలు బీరు కాసే రోజున చల్లారిన వోర్ట్‌లో నేరుగా పడతాయి. మరిగించని కుళాయి నీళ్లు అలా కలిశాక శానిటైజర్ మీద పెట్టిన శ్రద్ధంతా వృథా.

కరెంటు విషయంలో కొంచెం కటువుగా చెప్పాల్సిందే. 3 కిలోవాట్ల హీటర్ 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి ఆగకుండా. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డులు దీనికోసం చేసినవి కావు. నీళ్లు, స్టీలు, కరెంటు ఒకేచోట ఉండే పని కాబట్టి సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్లకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండి తీరాలి, దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి అది నిజంగా పడుతోందో చూడాలి. హీటర్ నీళ్లలో పూర్తిగా మునిగాకే స్విచ్ వేయాలి, నీళ్లు లేకుండా ఒక్క నిమిషం వెలిగినా ఎలిమెంటు కాలిపోవచ్చు. ట్రయల్‌లో అరగంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్గునీ వైరునీ తాకి చూస్తే, గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా బీరు ఆలోచన మానుకోవాలి. గ్యాస్ బర్నర్ అయితే జాయింట్లకి సబ్బు నురగ రాసి బుడగలు చూడడం, ఆరుబయటే వెలిగించడం. మూసిన గదిలో పెద్ద బర్నర్ గంటసేపు మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు.

ఇక అసలు పని. కెటిల్ లోపల ఉన్న గీతల్ని గుడ్డిగా నమ్మకూడదు. వంటింటి తూకం మీద నీళ్లు తూచి పోస్తూ గీతల్ని సరిచూసుకోవడం తేలికే, 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 998 గ్రాములు, అంటే కిలో అనుకున్నా తేడా రాదు. సైట్ గ్లాస్ (పక్కన నీటి మట్టం చూపే గొట్టం) ఉంటే దాని మీద, లేకపోతే ఒక స్టీలు గరిట కాడ మీద రెండేసి లీటర్లకి ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. ఇక్కడ చాలామందిని తికమకపెట్టేది వేడి. మరిగే నీళ్లు చల్లటి నీళ్లకంటే సుమారు 4 శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి, పైన చెప్పిన 25.5 లీటర్లు మరిగేటప్పుడు 26.5 దగ్గర కనిపిస్తాయి. కాబట్టి రాసుకునే ప్రతి కొలత పక్కన చల్లగా ఉన్నప్పటిదా, వేడిగా ఉన్నప్పటిదా అన్నది రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

వేడెక్కే టైం ఎంతో ముందే లెక్కేసుకుని, తర్వాత గడియారంతో పోల్చితే సెటప్ గురించి చాలా తెలుస్తుంది. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి దాదాపు 4.19 కిలోజూళ్లు కావాలి. 30 లీటర్లని 20 నుంచి 67 డిగ్రీలకి తేవాలంటే సుమారు 5,900 కిలోజూళ్లు, 3 కిలోవాట్ల హీటర్‌కి ఏ నష్టమూ లేకపోతే 33 నిమిషాలు. నిజంగా 40 పడితే పక్కలనుంచి పోయే వేడి అది, కెటిల్ చుట్టూ ఇన్సులేషన్ చుడితే తగ్గుతుంది. గంట దాటితే మాత్రం వోల్టేజీ పడిపోతోందో, హీటర్ మీద రాసిన వాటేజీ అబద్ధమో ఏదో ఒకటి ఉంది. ఇలాంటిది మాల్ట్ వేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఆవిరి లెక్కలో మరీ పాతుకుపోయిన ఒక పొరపాటు ఉంది: గంటకి 10 శాతం ఆవిరవుతుందని ఒక ముక్క పట్టుకుని అన్ని బ్యాచులకీ అదే వేసేయడం. ఆవిరయ్యేది కెటిల్‌లో ఎంతుందన్న దాన్ని బట్టి కాదు, ఎంత వేడి పెడుతున్నాం, పైభాగం ఎంత వెడల్పుగా తెరిచి ఉంది అన్న వాటిని బట్టి ఉంటుంది. అదే కెటిల్‌లో అదే మంట మీద సగం బ్యాచ్ చేసినా గంటకి పోయే లీటర్లు దాదాపు అవే. లీటరు నీళ్లు ఆవిరవ్వాలంటే 2,257 కిలోజూళ్లు కావాలి కాబట్టి 3 కిలోవాట్లతో గంటలో 4.8 లీటర్లకి మించి పోవడం కుదరదు, పక్కలనుంచి పోయే వేడి తీసేస్తే వాస్తవంలో అంతకంటే తక్కువే. దీన్ని కొలిచేటప్పుడు మూత తీసి పూర్తిగా గంటసేపు మరిగించాలి. పావుగంట మరిగించి నాలుగుతో హెచ్చిస్తే, గీత చదవడంలో వచ్చిన 200 మిల్లీలీటర్ల పొరపాటు 800 అవుతుంది. ముందు కొలత, తర్వాతి కొలత రెండూ చల్లగా ఉన్నప్పుడే తీసుకుంటే ఇంకా మంచిది. హీటర్ పవర్ తగ్గించే కంట్రోలర్ ఉంటే ఎంత శాతం మీద నడిపారో కూడా రాసుకోవాలి, బీరు కాసేటప్పుడు వేరే శాతం మీద నడిపితే ఈ కొలత దేనికీ పనికిరాదు.

థర్మామీటర్ మీద అనుమానం ఉండడం ఆరోగ్యకరం. 64 డిగ్రీల మాష్‌కీ 69 డిగ్రీల మాష్‌కీ మధ్య బీరు స్వభావమే మారిపోతుంది. 60 నుంచి 65 మధ్య మాల్ట్‌లోని బీటా అమైలేజ్ అనే ఎంజైము బాగా పనిచేసి ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ తయారవుతాయి, బీరు పలుచగా, తీపి తక్కువగా వస్తుంది, 70 దగ్గరికి వెళ్లేకొద్దీ ఇంకో ఎంజైము ఆల్ఫా అమైలేజ్‌దే పైచేయి, చిక్కదనం పెరుగుతుంది. ఇలాంటి చోట రెండు డిగ్రీల తప్పు చిన్నది కాదు. పొడి చేసిన ఐసు, కొంచెం నీళ్లు కలిపి బాగా తిప్పి ముంచితే 0 చూపించాలి. మరిగే నీళ్లలో 100 చూపించాలి, అయితే ఎత్తైన ఊళ్లలో ప్రతి 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది, 900 మీటర్ల ఎత్తున 97 చూపిస్తే అది థర్మామీటర్ తప్పు కాదు. ఈ రెండు చివర్లూ సరిపోయినా, వాడేది మాత్రం 60, 70 మధ్య కాబట్టి నమ్మకమైన ఇంకో థర్మామీటర్‌తో అక్కడ కూడా పోల్చుకోవాలి.

అంతా సరిగ్గా ఉన్నా ప్రోబ్ (వేడి కొలిచే మొన) ఎక్కడుందన్నది ఇంకో ప్రశ్న. హీటర్ పక్కనే ఉన్న ప్రోబ్ 67 చూపిస్తుంటే పైన 62 ఉండొచ్చు. పంపు ఆపి పైనా కిందా మధ్యలో కొలిచి, పంపు వేశాక పది నిమిషాలకి మళ్లీ కొలిస్తే తేడా ఎంతో తెలుస్తుంది. కంట్రోలర్ సెట్ చేసిన డిగ్రీ దాటి ఎంత పైకి పోయి వెనక్కి వస్తుందో కూడా ఈ పూటే చూసుకోవాలి, రెండు మూడు డిగ్రీలు దాటి పోయే కంట్రోలర్‌ని అలాగే వదిలేస్తే మాష్ సమయంలో ఎంజైములు దెబ్బతింటాయి.

విడిగా మాష్ టన్ వాడే పద్ధతిలో అది ఎంత వేడి మింగుతుందో చూడాలి. కిలోకి 3 లీటర్ల చొప్పున నీళ్లు, 20 డిగ్రీల మాల్ట్, 67 డిగ్రీల మాష్ కావాలంటే అందరూ వాడే ఫార్ములా ప్రకారం నీళ్లు సుమారు 73.4 డిగ్రీలు ఉండాలి. ఆ ఫార్ములాకి టన్ గోడలు పీల్చే వేడి తెలీదు. కాబట్టి అంత వేడి నీళ్లు పోసి మూతపెట్టి, పది నిమిషాల తర్వాత ఎంత పడిపోయిందో, ఇంకో గంటకి ఎంత పడిపోయిందో రాసుకుంటే, మొదటి తేడా నీళ్లని ఇంకెంత వేడి చేయాలో చెబుతుంది, రెండోది ఇన్సులేషన్ సరిపోతుందో లేదో చెబుతుంది. టన్‌ని అంచుదాకా నింపి ఈ పరీక్ష చేస్తే ఫలితం అందంగా వస్తుంది గానీ మోసం, ఎక్కువ నీళ్లు నెమ్మదిగా చల్లారతాయి. 5 కిలోల మాల్ట్, 15 లీటర్ల నీళ్లు కలిస్తే మట్టం 18 లీటర్ల దగ్గరికి వస్తుంది, అక్కడిదాకా నింపి చూడడమే సరైన పద్ధతి.

అడుగున మిగిలేది కొలవడం అన్నిటికంటే తేలిక: తెలిసినంత నీళ్లు పోయాలి, బీరు కాసే రోజు ఎలా తీస్తారో అలాగే వాల్వు ద్వారా తీయాలి, బయటికొచ్చింది తూచాలి. తీసేటప్పుడు కెటిల్‌ని వంచితే ఆ రోజు కూడా వంచాల్సి వస్తుంది, మరిగే వోర్ట్‌తో అది ప్రమాదం.

పంపులు ఎక్కువగా మాగ్నెటిక్ డ్రైవ్ (అయస్కాంతంతో తిరిగే) రకానివి, అవి తమంతట తాము గాలిని బయటికి నెట్టి నీళ్లు పైకి లాగలేవు. కెటిల్ కంటే కింద ఉండాలి, ముందు నీళ్లతో నిండాలి, ఆ తర్వాతే స్విచ్. ప్రవాహం తగ్గించాలంటే బయటికి వెళ్లే వైపు వాల్వు తిప్పాలి, లోపలికి వచ్చే వైపు తిప్పితే మరిగే నీళ్ల దగ్గర పంపులోనే ఆవిరి బుడగలు పుట్టి పంపు ఊరికే తిరుగుతుంది. ఇదంతా 20 డిగ్రీల నీళ్లతో ఎప్పుడూ తెలియదు, మరిగే నీళ్లతోనే ఆడించి చూడాలి.

చల్లార్చేటప్పుడు 100 నుంచి 20 దాకా ఎంతసేపు పట్టిందన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఆగిపోయిందన్నది ముఖ్యం. కుళాయి నీళ్లు 28 డిగ్రీలుంటే చిల్లర్ ఎంత మంచిదైనా అంతకంటే కిందికి తేలేదు. అలాంటప్పుడు చివర్లో ఐసు నీళ్లు తిప్పాలా, లేక ఫెర్మెంటర్‌ని ఫ్రిజ్‌లో పెట్టి చల్లారాక ఈస్ట్ వేయాలా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు.

అవే నీళ్లు పారబోయకుండా ఫెర్మెంటర్‌లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, కంట్రోలర్ 18 డిగ్రీల మీద ఒక రోజు వదిలేస్తే ఫ్రిజ్ ఎంత తరచుగా ఆగి మొదలవుతోందో తెలుస్తుంది. ప్రోబ్ గాలిలో వేలాడుతుంటే కంప్రెసర్ ఊరికే పడుతూ లేస్తూ ఉంటుంది, ఫెర్మెంటర్ గోడకి అంటించి పైన స్పాంజి లాంటిది కప్పితే లోపలి ద్రవాన్ని కొలుస్తుంది. మూత మెల్లిగా నొక్కితే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి మాత్రమే వదిలే నీటి బిరడా) నీటి మట్టం కదిలి కాసేపు అలాగే నిలబడాలి. వెంటనే దిగిపోతే మూత దగ్గర గాలి పోతోంది, ఆ తర్వాత బుడగలు రాలేదని ఈస్ట్ చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడడం అనవసరం. కెగ్ (బీరు నింపే ఒత్తిడి డబ్బా) వాడేవాళ్లు ఖాళీ కెగ్‌కే గ్యాస్ ఎక్కించి, సిలిండర్ వాల్వు కట్టేసి, రాత్రంతా గేజ్ చూడాలి, లోపల ద్రవం ఉంటే గ్యాస్ అందులో కరిగి ముల్లు దిగుతుంది, లీకు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది.

గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్‌కి డిస్టిల్డ్ వాటర్ పరీక్ష అందరికీ తెలుసు, దాని మీద రాసిన ఉష్ణోగ్రత దగ్గర 1.000 చూపించాలి. దాంతో ఆపకుండా 100 గ్రాముల చక్కెర 900 గ్రాముల నీళ్లలో కరిగించి 20 డిగ్రీల దగ్గర ముంచితే 1.040 రావాలి. లోపలి కాగితం స్కేలు జారిపోయి ఉంటే మొదటి పరీక్షలోనే తెలుస్తుంది, స్కేలే తప్పుగా అచ్చయి ఉంటే రెండోదాన్లో తెలుస్తుంది.

ఇంత చేసినా నీళ్లు చెప్పలేనివి ఉంటాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. నీళ్లు పొంగవు, వోర్ట్ పొంగుతుంది, మరగడం మొదలైన మొదటి కొన్ని నిమిషాల్లో ప్రోటీన్ల నురగ పాలపొంగులాగా లేచి స్టవ్ మీదికి వచ్చేస్తుంది. కాబట్టి నీళ్లతో 30 లీటర్ల దాకా హాయిగా మరిగిందని అంత వోర్ట్ కూడా పడుతుందనుకోకూడదు. జల్లెడ గుండా నీళ్లు సర్రున దిగుతాయి, నలిగిన మాల్ట్ పొర గుండా దిగవు, పంపు పూర్తి వేగంతో లాగితే ఆ పొర బిగుసుకుపోయి ప్రవాహం ఆగిపోతుంది. హాప్స్ పిప్పి సన్నటి దారులుండే ప్లేట్ చిల్లర్‌లో ఇరుక్కోవడం, మాల్ట్ నిజంగా ఎంత నీరు పీల్చుకుంటుంది, అందులోంచి ఎంత చక్కెర బయటికొస్తుంది, ఈస్ట్ పనిచేసేటప్పుడు పుట్టే వేడిని ఫ్రిజ్ తట్టుకుంటుందా, ఇవేవీ ట్రయల్‌లో రావు. అందుకే మొదటి బ్యాచ్‌కి గోధుమ, ఓట్స్ లాంటి జిగురు సరుకు లేని, హాప్స్ తక్కువ ఉన్న, మామూలు గ్రావిటీ రెసిపీ ఎంచుకుని, చక్కెర రాబడిని కాస్త తక్కువగానే ఊహించి, గ్రావిటీ పడిపోతే సరిచేయడానికి కొంచెం డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఎండబెట్టి పొడి చేసిన వోర్ట్) పక్కన ఉంచుకుంటే సరిపోతుంది. ఆ రోజు కొత్తగా కొలవాల్సినవి రెండే పెద్దవి మిగులుతాయి, మాల్ట్ పీల్చిన నీళ్లు, మరిగించే ముందు గ్రావిటీ. కొలతలు రాసుకునే మిగతా కాగితమంతా ట్రయల్ రోజునే నిండిపోయి ఉంటుంది. తర్వాత గొట్టం మార్చినా, హీటర్ మార్చినా, ఆ ఒక్క గడి మళ్లీ కొలుచుకుంటే చాలు.